తోక బరువు

మా అక్క ఎర్సీలియాను చేపలు తూచే కాటాకి వేలాడదీసి తూచిన పొద్దున ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. మనిషిని తూస్తుంటే చూడ్డానికేముందని అడక్కండి. మా లోమా క్లారాలో విమానం వస్తోందంటేనే పండగ, అందులో మన ఇంటి మనిషి ఎక్కుతోందంటే ఇక చెప్పాలా. దూలానికి కాటా కట్టి, కాటా కొక్కేనికి మేం పడుకునే ఊయల తగిలించి, అందులో అక్కను కూచోబెట్టాం. ముల్లు ముప్పై ఆరు దగ్గర ఆగింది. అందులో ఊయల బరువు కూడా కలిసే ఉంది.

మా మరిది లౌరెన్తీనో ఆ ముల్లును చూసి, వేలితో తట్టి, మళ్ళీ చూశాడు. అతను ఊరి పెద్ద. ఊరి రేడియో కూడా అతని చేతిలోనే ఉంటుంది కాబట్టి తనకు తెలియనిది లేదనుకుంటాడు. అక్క కళ్ళు మూసుకునే నాతో మా భాషలో అంది:

"వాడి బుర్ర తూచమనవే. ముల్లు కదిల్తే నన్నడుగు."

నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో చుట్టూ ఉన్న ఒక్కరికీ తెలియలేదు. తెలిసే దారీ లేదు. మా వైపు ఒకే భాష మాట్లాడేవాళ్ళు అన్నాచెల్లెళ్ళ లెక్క, వాళ్ళ మధ్య పెళ్ళి పనికిరాదు. వేరే భాష ఇంటికే కోడలిగా వెళ్ళాలి, అక్కడి మాటలు నేర్చుకోవాలి, కన్న పిల్లలకు తండ్రి భాషే నేర్పాలి. మేమిద్దరం నది పైన ఉన్న రెమాన్సో నుంచి ఈ ఊరి అన్నదమ్ములకు భార్యలుగా వచ్చాం. అప్పట్నుంచి ఈ ఊళ్ళో మా నాన్న భాష మా ఇద్దరి నోళ్ళలోనే బతికింది. తిట్టుకోవాలన్నా అందులోనే, గుట్టు చెప్పుకోవాలన్నా అందులోనే. తిట్లే ఎక్కువ, అబద్ధం ఎందుకు.

అక్క కడుపులో గడ్డ ఉంది. మితూ పట్నం ఆసుపత్రిలో చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటికి అంటే రెమాన్సోకే అంది అక్క. మొగుడు పోయి ఎన్నేళ్ళయినా, పిల్లలూ మనవలూ అందరూ ఇక్కడే ఉన్నా, ఆ మాట మీదే నిలబడింది. మా నాన్న నది పక్కన, మా నాన్న మాటలు చెవిన పడుతుంటే పోవాలని ఆమె కోరిక. పడవలో వెళ్ళాలంటే నది రాళ్ళ మీద దూకే చోట్లు ఎన్నో దాటాలి, అన్ని రోజులు ఆమె ఆగదు. విమానమైతే ఒక కునుకు తీసేలోపు దిగిపోవచ్చు.

రెమాన్సోలో మా అన్నయ్య కొడుకు ఒమార్ ఉన్నాడు. అన్నయ్య పోయిన వానల్లో పోయాడు. ఒమార్ రేడియోలో స్పానిష్‌లో, అత్తను పంపండి, ఇల్లు సిద్ధంగా ఉంది అన్నాడు. రేడియోలో అందరూ స్పానిష్‌లోనే మాట్లాడుకుంటారు, అందులో వింతేమీ లేదు. తోడుగా నేను వెళ్ళాలని తేలింది. విమానం నడిపే కెప్టెన్ ఎవెలియో, రెమాన్సో ఆరోగ్య కేంద్రానికి టీకాల ఫ్రిజ్ ఒకటి పట్టుకెళ్తున్నాడు. దారిలో దిగి ఇద్దరు ఆడవాళ్ళను ఎక్కించుకుంటానన్నాడు, కాని ఆ ఇద్దరికి తప్ప గుప్పెడు మిరప్పొడికి కూడా చోటు లేదన్నాడు. మా బరువులు చెప్పమన్నాడు. నాది ఎంతో మీకు చెప్పను. లౌరెన్తీనో రేడియోలో గొంతు చించుకుని చెప్పాడు, నదికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళన్నీ విన్నాయి, అది చాలు.

ఆ పొద్దున పొగమంచు నది మీంచి లేచి, ఇళ్ళ మధ్యగా నడుచుకుంటూ వచ్చి రన్‌వే మీద పడుకుంది. గడ్డి కనపడదు, అవతలి చెట్లు కనపడవు. ఊయలతో సహా అక్కను మోసుకెళ్ళి రన్‌వే అంచున దించాం. మాటలు దగ్గర్నుంచే వస్తున్నాయి కాని మనుషులు లేరు. అక్క అటు చేయి చూపించి, అదిగో నది, నాన్న వల తీస్తున్నాడు చూడవే అంది. నాకు తెల్లటి మంచే కనిపించింది. అయినా చూశాననే అన్నాను. చూస్తూ ఉంటే నిజంగానే అందులో ఎవరో వంగి ఏదో లాగుతున్నట్టు అనిపించింది. మంచు విడిపోతుంటే, ఎక్కడో నిద్రలో విన్నట్టుగా ఇంజను చప్పుడు వినిపించింది. చప్పుడు మా తలల మీదుగా ఒకసారి తిరిగి వెళ్ళి, మళ్ళీ వచ్చి, మంచు చివర తెల్లటి చిన్న విమానమై నేలకు తగిలింది.

వచ్చిన మనిషి నోరు తడపకుండా పంపడం మాలో లేదు. కెప్టెన్ ఎవెలియో మైదానాల మనిషి, మా తీరు తెలిసినవాడు, వద్దంటే ఇంకా ఆలస్యమవుతుందని తెలుసు. నాలుగు గుటకలు జావ తాగి వస్తానని లౌరెన్తీనో భార్య వెంట ఇంట్లోకి వెళ్ళాడు. నేను నా గుడ్డలసంచి తెచ్చుకోవడానికి వెళ్ళాను. ఆ కాసేపట్లోనే అంతా జరిగిపోయింది.

మా దగ్గర ఇంకో ఆచారం ఉంది. ప్రయాణమయ్యే మనిషి వట్టి చేతులతో వెళ్ళకూడదు. వెళ్ళే ఊళ్ళో ఎవరికి చుట్టం ఉంటే వాళ్ళు ఏదో ఒకటి పంపాలి, తీసుకెళ్ళేవాళ్ళు కాదనకూడదు. కాదంటే, మీ చుట్టరికం నాకొద్దు అన్నట్టే. చావడానికి వెళ్తున్న మనిషి చేత పంపితే దానికి ఇంకా విలువ. కర్రపెండలం రొట్టెల కట్టలు వచ్చాయి, వేపిన రవ్వ బస్తా వచ్చింది, పొగబెట్టిన చేపల బుట్టలు వచ్చాయి, కాళ్ళు కట్టేసిన కోడిపెట్ట వచ్చింది. గుప్పెడు మిరప్పొడికి చోటు లేదన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు, ఎందుకంటే ప్రతివాళ్ళూ తమది ఒక్కటే కదా అనుకున్నారు.

అంతటితో ఆగినా బాగుండేది. వాటిని ఎక్కడ పెట్టాలో మా లౌరెన్తీనో చెప్పాడు. మాది పడవల బతుకు. నది రాళ్ళ మీద దూకే చోట ఎదురెక్కాలంటే సామానంతా వెనక్కి జరుపుతాం. వెనక బరువుంటే పడవ ముక్కు లేచి అల మీదికి ఎక్కుతుంది, ముందు బరువుంటే ముక్కు నీళ్ళలో దూరి మునుగుతుంది. ఇది మాకు చిన్నప్పుడే వస్తుంది. విమానం కూడా ముక్కెత్తుకునే కదా ఎగురుతుంది, మరి తోకలో బరువు పెడితే కెప్టెన్‌కి సాయమే కదా అన్నాడు. అందరికీ సబబుగానే తోచింది. ఆ మాట నేనుండగా అన్నా ఊఁ అనేదాన్నే. వెనక సీటు దాటి, విమానం తోకలోకి పోయే ఇరుకులో అన్నీ ఒకదాని మీద ఒకటి తోశారు.

నేను సంచి భుజానికి తగిలించుకుని వస్తుంటే విమానం కూచుంది. అవును, కూచుంది. చప్పుడు లేకుండా, తొందర లేకుండా, ముసలికుక్క వెనక్కాళ్ళు మడిచినట్టు తోక నేలకానించి, ముక్కు ఆకాశంలోకి ఎత్తింది. ముందు చక్రం గాల్లో మెల్లగా తిరుగుతోంది. ఆ చివరి మంచులో అది ఎటో చూస్తూ మమ్మల్ని మరిచిపోయినట్టుగా ఉంది.  లోపల కోడి ఒక్కటే అరిచింది.

కెప్టెన్‌కి తలప్రాణం తోకకొచ్చింది. జావ గిన్నె చేతిలోనే ఉండగా పరిగెత్తుకొచ్చాడు. కేకలేస్తాడనుకున్నాం. వేయలేదు, అదే భయమేసింది. తోక పక్కనే గడ్డిలో వెల్లకిలా పడుకుని, వేళ్ళతో రేకును తడుముతూ చాలాసేపు చూశాడు. లేచి, వీపుకంటిన తడి దులుపుకోకుండానే మా మరిదిని పిలిచి, రెక్క కింద ఒక చోట అరచేయి ఆనించి చూపించాడు.

"దీనికి బొడ్డు ఇక్కడుందయ్యా. బరువెంతైనా సరే, దీని చుట్టూనే సర్దాలి. తోకలో పెడితే ముక్కు లేస్తుంది, నువ్వనుకున్నది నిజమే. కానీ ఇంకా వేగం అందకముందే లేస్తుంది. లేచిన ముక్కు మళ్ళీ నా చేతికి దిగదు. గాల్లో కాసేపు నిలబడి, కింద పడిపోతుంది."

"పడవైతే నిలబడుతుంది కద కెప్టెన్," అన్నాడు లౌరెన్తీనో, ఇంకా ఓడిపోవడం ఇష్టం లేక.

"పడవ ఆగినా నీళ్ళమీద తేలుతుంది. ఇది ఆగితే తేలదు."

లౌరెన్తీనో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ తర్వాత పొద్దుటంతా దాన్ని మళ్ళీ పెట్టుకోలేదు.

సామాను దించడానికి ఎంతసేపు అనుకుంటారు మీరు. పెట్టినంతసేపు కూడా పట్టకూడదు. కానీ ప్రయాణానికి పంపినదాన్ని పంపినవాళ్ళు తమ చేత్తో వెనక్కి పుచ్చుకోరు. పుచ్చుకుంటే వెళ్ళే మనిషి చావును పుచ్చుకున్నట్టేనని మా నమ్మకం. అందుకని ఊరంతా చేతులు కట్టుకుని నిలబడింది. కెప్టెనూ నేనూ ఇద్దరమే ఒక్కొక్కటీ మోసి గడ్డిలో పెట్టాం. ఒక ముసలావిడ తన చేపలబుట్ట దిగుతుంటే చూసి, నా బుట్ట ఒక్కటీ అంత బరువా బ్రిహీదా అని నన్నడిగి ఏడ్చింది. ఆమె అన్న కూతురు రెమాన్సోలో ఉంది.  ప్రతి బుట్టకూ ఒక బతిమాలుడు, ఒక అలక. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రేమలో కూడా కాస్త లెక్క ఉండాలి, లేకపోతే అది మనిషిని ముంచుతుంది అని అరిచాను. అరిచి ప్రయోజనం లేదని తెలిసే అరిచాను.

ఆ తర్వాత కెప్టెన్ తోకరెక్కలను పైకీ కిందికీ ఆడించి చూసుకున్నాడు, ఒక్కో మర తిప్పి చూసుకున్నాడు. అంతా బాగానే ఉందన్నాడు. ఈలోగా మంచు పూర్తిగా పోయింది, గాలి పడిపోయింది. ఎండ నెత్తికెక్కింది. గడ్డిలోంచి ఆవిరి లేస్తోంది, రన్‌వే చివరనున్న చెట్లు ఆ ఆవిరిలో నీళ్ళలో నీడల్లా ఊగుతున్నాయి. నేను అక్క పక్కన కూచుని ఆమె ముఖానికి ఆకుతో విసురుతున్నాను. కెప్టెన్ ఆ చివరిదాకా నడిచి, చెట్ల కేసి చూసి, తిరిగి నడుచుకుంటూ వచ్చాడు. వస్తుంటేనే నాకు తెలిసిపోయింది. మంచి వార్త మోసుకొచ్చే మనిషి అంత మెల్లగా నడవడు.

"అమ్మా, పొద్దున్న చల్లటి గాలి చిక్కగా ఉంటుంది. రెక్కకి ఆసరా దొరుకుతుంది. ఇప్పుడు ఎండకి పలచబడిపోయింది. అదే బరువు లేవాలంటే చాలా దూరం పరిగెత్తాలి. మీ రన్‌వే అంత లేదు. ఒక్కరినే తీసుకెళ్ళగలను."

రేపు వెళ్దామన్నాను. రేపు అతను దక్షిణాన ఇంకెక్కడో ఉండాలి, మళ్ళీ ఇటు రావడం వారం తర్వాత. ఫ్రిజ్ దించెయ్యమన్నాను. రెమాన్సోలో పిల్లలకు తట్టు వచ్చిందనీ, టీకాలు మంచుపెట్టెలో ఉన్నాయనీ, సాయంత్రానికి ఆ మంచు కరుగుతుందనీ చెప్పాడు. పిల్లల మాట ఎత్తాక నేనేమంటాను. పెట్రోలు తగ్గించమన్నాను. తగ్గిస్తే వెళ్ళగలడు కాని తిరిగి రాలేడట. సంచి పారేశాను. చెప్పులు విప్పేశాను. చెప్పులతో తేలేదైతే నేనూ అడగనమ్మా అన్నాడు కెప్టెన్, ఆ గొంతులో వెక్కిరింత లేదు. నా ఒంటి మీద నాకు జీవితంలో మొదటిసారి అసహ్యం వేసింది.

అక్క అంతా వింటూనే ఉంది. స్పానిష్ ఆమెకు బాగానే వచ్చు.

"నువ్వుండవే," అంది మా భాషలో. "అక్కడ నాతో మాట్లాడేవాళ్ళు ఊరినిండా ఉంటారు. నువ్వొచ్చి ఏం చేస్తావు, వాళ్ళ మధ్య దూరి నా మాటలన్నీ నువ్వే చెప్తావు."

"నువ్వు వారం ఆగలేవా అక్కా?"

ఆమె నా చేతిలో ఆకు తీసుకుని నాకే విసిరింది, రెండుసార్లు, అంతకంటే చేతకాలేదు.

ఫ్రిజ్ వెనక ఉంది కాబట్టి అక్క ముందు కూచోవాలన్నాడు కెప్టెన్. ముప్పై ఆరు కిలోలైనా ముక్కు దగ్గరుంటే పనికొస్తుందన్నాడు. అతనే ఎత్తుకుని తన పక్క సీట్లో కూచోబెట్టి, నడుముకూ భుజాలకూ బెల్టులు బిగించి, ఆమె తల కిందికి తన చొక్కా మడిచిపెట్టాడు. అద్దం వెనక అక్క ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది. విమానం రన్‌వే చివరికంటా వెనక్కి వెళ్ళి, అక్కడ నిలబడి చాలాసేపు గర్జించింది. తర్వాత వదిలేసినట్టు కదిలింది. గడ్డి మీద పరిగెత్తుతూనే ఉంది, పరిగెత్తుతూనే ఉంది, చెట్లు దగ్గరికి వచ్చేస్తున్నాయి.  ఎక్కడ లేచిందో నాకు తెలియదు. చక్రాల కింద ఆవిరి మాత్రం మిగిలింది. చెట్ల కొసలను దాదాపు తాకుతూ అది దాటింది, మెల్లగా ఎడమకు వంగింది, తెల్లమబ్బులోకి వెళ్ళిపోయింది. నేను కూడా ఉండి ఉంటే ఆ చెట్లు దాటేది కాదు. అది నా కళ్ళతో నేనే చూశాను కాబట్టి కెప్టెన్‌ని తప్పుపట్టలేను.

ఆ పగలంతా నేను అక్క ఊయలలో పడుకున్నాను. ఎవరూ నా దగ్గరికి రాలేదు. కళ్ళు మూసుకుంటే నేనూ ముందు సీట్లోనే ఉన్నట్టు, కింద అడవి ఆకుపచ్చటి నీళ్ళలా కదులుతున్నట్టు, దాని మీద మా విమానం నీడ చిన్న చేపలా ఈదుతున్నట్టు ఉంది. అక్క ఆ నీడను చూపించి ఏదో అడుగుతోంది. ఇంజను చప్పుడులో నాకు వినపడటం లేదు.

పొద్దువాలే వేళ ఊళ్ళన్నీ రేడియోలో పలకరించుకుంటాయి. రెమాన్సో వంతు రాగానే లౌరెన్తీనో మనవణ్ణి పంపకుండా తనే వచ్చి నన్ను తీసుకెళ్ళాడు. ఒమార్ పలికాడు. అత్త బాగానే చేరింది, ఇదిగో మాట్లాడుతుందట అన్నాడు. గరగరలోంచి, నీటి అడుగునుంచి వచ్చినట్టు అక్క గొంతు వచ్చింది, మా భాషలో.

"ఏమే. నది అదే. అలాగే ఉంది."

"సంతోషం అక్కా. అందరూ వచ్చారా?"

"వచ్చారు. చాలామంది వచ్చారు." కాసేపు గరగర. "చెల్లీ, ఇక్కడ మన మాట ఎవరికీ రాదే. ముసలివాళ్ళు అంతా పోయారు. అన్నయ్యే చివరివాడట. పిల్లలందరికీ వాళ్ళ తల్లుల భాషే వచ్చింది. స్పానిష్‌లో అడగబుద్ధి కాక, మంచినీళ్ళు కావాలని వేలితో చూపించాను."

నా చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. ఆమె ఏమందో వాళ్ళకు తెలియదు. బాగుందట కదా వదినా అని లౌరెన్తీనో అడిగాడు. బాగుందట అన్నాను.

 ఏదో ఒకటి మాట్లాడవే, ఊరికే మాట్లాడు అంది అక్క. పొద్దున ఆమె కళ్ళు మూసుకుని ఉండగా జరిగినవన్నీ చెప్పాను, విమానం కూచున్న వైనం చెప్పాను, మా మరిది టోపీ చెప్పాను. అటువైపు నవ్వో దగ్గో తెలియని చప్పుడు వచ్చింది. మిగతా ఊళ్ళు తమ వంతు కోసం ఎదురు చూస్తున్నాయి. ఎక్కడెక్కడి మనుషులో తమకు అర్థంకాని ఆ భాష వింటూ కూచున్నారు కాని, ఒక్కరూ మధ్యలో అడ్డురాలేదు.

ఆ తర్వాత ప్రతి సాయంత్రమూ అంతే. నేను మాట్లాడేదాన్ని, ఆమె వినేది. ఆమె మాటలు రోజురోజుకూ తగ్గి, చివరికి ఊపిరి చప్పుడే వచ్చేది. ఒమార్ ఆ మైకు ఆమె నోటి దగ్గరే పట్టుకుని ఉండేవాడట. వారం తర్వాత రావాల్సిన విమానం వానల వల్ల రాలేదు.

ఒక సాయంత్రం ఊపిరి చప్పుడు లేదు. ఒమార్ గొంతు వచ్చింది. వాడు చెప్పకముందే నాకు తెలిసింది, అయినా చెప్పనిచ్చాను. మధ్యాహ్నం పోయిందన్నాడు. నొప్పి లేకుండా, నిద్రలోలాగే పోయిందన్నాడు. తర్వాత తటపటాయించాడు.

"అత్తా, చివర్లో ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంది. ఏదైనా కావాలేమోనని నీళ్ళిచ్చాం, దుప్పటి కప్పాం, ఊయల తిప్పి వేశాం. అది కాదన్నట్టు తల ఊపింది. ఏం అడిగిందో తెలుసుకోకపోతే మాకు మనసు ఊరుకోదు."

ఆ మాట చెప్పమన్నాను. మా నాన్న భాషలోని మాటను పరాయి మాటలా విరిచి విరిచి పలికాడు, కాని తప్పు లేకుండా పలికాడు. చిన్నప్పుడు ఒక్క ఊయలలో ఇద్దరం పడుకున్నప్పుడు అనే మాట అది.

"కాస్త జరగవే, నాకు చోటివ్వు, అని అర్థంరా."

"ఊయలలో ఒక్కతే ఉంది కదత్తా. ఎవరితో అంది?"

"నాతోరా," అన్నాను.